ఒకే మనిషి, మూడు కథలు

బైపోలార్ డిజార్డర్ ఉన్న ఒకే మనిషిని వేర్వేరు నెలల్లో కూర్చోబెట్టి "మీ ఉద్యోగం సంగతులు చెప్పండి" అని అడిగి చూడండి. మానియా ఊపులో ఉన్నప్పుడు ఆఫీసంతా తన మీదే నడుస్తోందంటారు. తన తెలివి మేనేజర్‌కి అర్థం కావడం లేదనీ, రేపో మాపో రాజీనామా ఇచ్చి సొంత కంపెనీ పెట్టేస్తాననీ అంటారు. డిప్రెషన్‌లో ఉన్నప్పుడు అదే ఉద్యోగం తనకు పొరపాటున దక్కిందంటారు. ఇన్నేళ్లూ అందర్నీ మోసం చేశాననీ, ఏదో ఒకరోజు బండారం బయటపడుతుందనీ కుమిలిపోతారు. మనసు కుదురుగా ఉన్న నెలల్లో అడిగితే మూడో కథ వస్తుంది. పని ఇష్టమే, ఫలానా పై అధికారితో పొసగదు, ప్రమోషన్ ఆలస్యమైంది, జబ్బు చేసి కొన్నాళ్లు సెలవు పెట్టాల్సి వచ్చింది. ఆఫీసు అదే, సంఘటనలు అవే. చెప్పే గొంతు మారింది.

ఈ జబ్బు ఉన్నవారికి కథల ద్వారా కౌన్సెలింగ్ చేయాలనుకునేవారు ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఇదే. ఆసుపత్రుల్లో సైకియాట్రిక్ సోషల్ వర్కర్లుగా, స్వచ్ఛంద సంస్థల్లో, కాలేజీల్లో, కంపెనీల ఉద్యోగి సహాయ విభాగాల్లో కౌన్సెలర్లుగా పనిచేస్తున్నవారిని ఉద్దేశించి ఈ మాటలు రాస్తున్నాను. ఎదుటివారి చేత కథ చెప్పించి ఓపిగ్గా వింటే చాలదు. ఏ కథ ఏ స్థితిలో చెప్పిందో గుర్తుపట్టాలి. కుదురుగా ఉన్నప్పుడు చెప్పిన కథను ఆ మనిషి మాటల్లోనే కాగితం మీద పెట్టించాలి. మిగతా రెండు గొంతులూ లేచిన రోజున ఆ కాగితం చేతికందేలా చూడాలి. ఈ పద్ధతిలో మిగిలినదంతా దీని చుట్టూ తిరిగేదే.

కథన కౌన్సెలింగ్‌ను నెరేటివ్ థెరపీ అంటారు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పనిచేసిన మైకేల్ వైట్, న్యూజిలాండ్‌కు చెందిన డేవిడ్ ఎప్‌స్టన్ 1980లలో దీనికి రూపమిచ్చారు. 1990లో ఇద్దరూ కలిసి రాసిన పుస్తకంతో చాలా దేశాలకు చేరింది. సమస్య వేరు, మనిషి వేరు అన్నది వారి మూలసూత్రం. ఆ సమస్యతో మనిషి ఇన్నాళ్లూ ఎలా వేగుతున్నాడు, ఎప్పుడెప్పుడు దాన్ని నిలవరించాడు, అలా నిలవరించడానికి అతనికి ప్రాణప్రదమైన ఏ విషయం తోడ్పడింది అన్నవి ప్రశ్నలతోనే బయటికి తేవాలి. బుర్రకథలో కథకుడి పక్కన వంతలు నిలబడతారు. వాళ్లు కథను లాక్కోరు, కానీ సరైన చోట అందుకుని "ఎందుకట? తర్వాత?" అని అడగకపోతే కథ ముందుకు సాగదు. కౌన్సెలర్ స్థానం ఆ వంతది.

ఈ పద్ధతి బలం ఎంతో ముందే నిజాయితీగా చెప్పుకోవాలి. బైపోలార్‌లో గట్టి ఆధారాలున్న మాటల చికిత్సలు వేరే ఉన్నాయి. జబ్బు గురించి రోగికి పాఠంలా నేర్పే సైకోఎడ్యుకేషన్ వాటిలో ఒకటి. బార్సిలోనాలో ఫ్రాన్సెస్క్ కోలోమ్, ఎడువార్డ్ వియెటా బృందం 120 మందితో చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. అందులో 21 గ్రూపు సెషన్లకు హాజరైనవారికి తర్వాతి రెండేళ్లలో జబ్బు తిరగబెట్టడం తగ్గింది. డేవిడ్ మిక్లోవిట్జ్ రూపొందించిన కుటుంబ కేంద్రిత చికిత్స, పిట్స్‌బర్గ్‌లో ఎలెన్ ఫ్రాంక్ రూపొందించిన దినచర్య లయ చికిత్స కూడా ఇలా పరీక్షకు నిలిచినవే. బైపోలార్‌లో నెరేటివ్ థెరపీ మీద అంతటి పెద్ద పరీక్షలు లేవు. అందుకే దాన్ని వీటికి పోటీగా పెట్టకూడదు. ఈ చికిత్సలు నేర్పే విషయాలను రోగి తన సొంత జీవితంలోకి తెచ్చుకునే దారిగా వాడాలి. నిద్ర ముఖ్యమని డాక్టర్ చెబితే అది సలహా. "రెండుసార్లూ నిద్ర చెడిన వారానికే నాకు తిరగబెట్టింది" అని రోగి తానే కనుక్కుంటే అది తన కథ. సలహాను మర్చిపోవచ్చు, తన కథను మనిషి అంత తేలిగ్గా మర్చిపోడు.

ఇక మందుల విషయంలో రెండో మాటకు తావు లేదు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ మానియాలో లిథియం పనిచేస్తుందని ప్రకటించినప్పటి నుంచి నేటిదాకా ఈ జబ్బు చికిత్సకు మందులే పునాది. అమెరికాలో సైకియాట్రీ ప్రొఫెసర్‌గా పనిచేస్తూ తనకూ ఈ జబ్బు ఉందని 1995లో ఆత్మకథ రాసి చెప్పిన కే రెడ్‌ఫీల్డ్ జామిసన్ మొదట్లో లిథియం మానేసి ఎంత నష్టపోయారో దాచకుండా రాశారు. మాత్రా కావాలి, మాటా కావాలి, ఒకటి రెండోదాని పని చేయలేదన్నది ఆమె అనుభవసారం. కథలు చెప్పించి మందులు మాన్పిస్తామనేవారు ఎవరైనా సరే, రోగి ప్రాణంతో ఆడుకుంటున్నట్టే.

ఎప్పుడు అడగాలి, ఎప్పుడు ఆగాలి

ఈ పనిలో చెయ్యి తిరగని కౌన్సెలర్లు తడబడేది సమయం దగ్గరే. మూడు నాలుగు గంటలే పడుకుని కూడా అలసట లేదంటున్నారు, ఒక మాట పూర్తికాకుండానే ఇంకో మాటలోకి దూకుతున్నారు, ఉన్నట్టుండి డబ్బు నీళ్లలా ఖర్చవుతోంది, అడ్డు చెబితే కోపం కట్టలు తెంచుకుంటోంది. ఇలా కనిపిస్తే ఆరోజు "మీ ఆశయాలేమిటి, జీవితంలో మలుపు ఎక్కడ?" లాంటి ప్రశ్నలు వద్దు. ఆ స్థితిలో ఆశయాల కథ చెప్పిస్తే ఊపు పెరుగుతుందే తప్ప తగ్గదు. సెషన్ చిన్నది చేయండి. గొంతు తగ్గించండి. నిన్న రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నారు, మాత్ర వేసుకున్నారా, ఇంట్లో ఎవరున్నారు అన్న మూడు విషయాలు కనుక్కుని ఆ రోజే సైకియాట్రిస్ట్‌తో మాట్లాడండి. "మీ కంపెనీ ఆలోచన రాసి పెడతాను, డాక్టర్‌గారు చూశాక మళ్లీ దాని గురించి మాట్లాడుకుందాం" అంటే కాదన్నట్టూ ఉండదు, ఎగదోసినట్టూ ఉండదు.

డిప్రెషన్‌లో ఉన్నవారిని జీవితమంతా చెప్పమనడం ఇంకా ప్రమాదం. ఆ గొంతు గతంలో ఉన్న ప్రతి జ్ఞాపకాన్నీ తనకు వ్యతిరేక సాక్ష్యంగా నిలబెడుతుంది. అప్పుడు ఇవాళ్టి కథ చాలు. "పొద్దున్న లేవాలనిపించలేదన్నారు, మరి ఇక్కడికి ఎలా రాగలిగారు?" అని అడగండి. బస్సెక్కించిందెవరు, మధ్యలో వెనక్కి వెళ్లిపోవాలనిపించిందా, అనిపించినా ఎందుకు వెళ్లలేదు? ఆ చిన్న ప్రయాణంలోనే ఒక తెగువ దొరుకుతుంది. దాన్ని మీరు పొగడొద్దు. ఎలా జరిగిందో వివరంగా చెప్పించండి, చాలు. ఆత్మహత్య ఆలోచన గురించి డొంకతిరుగుడు లేకుండా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం నిరాధారం. ఉందంటే ఎలాగని అనుకుంటున్నారో, ఆ వస్తువు ఇంట్లో ఉందో లేదో కూడా కనుక్కోండి. ఆ మనిషిని ఒంటరిగా పంపొద్దు. మానియా, డిప్రెషన్ లక్షణాలు ఒకేసారి కలిసి వచ్చినప్పుడు, అంటే మనసు దిగులులో ఉండి ఒంట్లో ఉరకలు ఉన్నప్పుడు, ముప్పు మరీ ఎక్కువ.

అసలు పని జరగాల్సింది కుదురుగా ఉన్న నెలల్లో. దురదృష్టం ఏమిటంటే రోగులు రావడం మానేసేదీ అప్పుడే. "బాగానే ఉన్నాను కదా మేడమ్, మళ్లీ అవన్నీ ఎందుకు తవ్వడం?" అంటారు. దానికి సూటి జవాబు ఒకటే: "బాగున్నారు కాబట్టే రమ్మంటున్నాను. బాగాలేనప్పుడు మీకు పనికొచ్చేది ఇప్పుడే రాయగలం."

గీత మీద జీవితం

మొదటి పని పొడవాటి కాగితం అడ్డంగా పెట్టి మధ్యలో ఒక గీత గీయడం. గీత పైన మానియా రోజులు, కింద డిప్రెషన్ రోజులు. ఎంత తీవ్రంగా వస్తే గీతకు అంత దూరంలో గుర్తు పెట్టాలి. జీవితకాలమంతా జబ్బు రాకపోకలను ఇలా బొమ్మగా నమోదు చేసే అలవాటు, ఈ జబ్బును 1899లో ఉన్మాద విషాద వ్యాధిగా వర్గీకరించిన జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ కాలం నాటిది. నేటికీ పరిశోధకులు దాన్ని వాడుతున్నారు. కథన పద్ధతిలో దానికి ఇంకో వరస చేరుస్తాం. ప్రతి గుర్తు కిందా ఆ రోజుల్లో బతుకులో ఏం జరుగుతోందో రోగి తన మాటల్లో రాయాలి.

ఒక బ్యాంకు అధికారిని ఊహించుకుందాం. జబ్బు ఎందుకు వస్తుందో తెలియదు, ఉరుము లేని పిడుగులా పడుతుందని అంటాడు. గీత నింపుతుంటే మానియా వచ్చిన రెండుసార్లూ మార్చి నెలాఖరు పక్కనే ఉన్నట్టు తేలింది. ఖాతాల ముగింపు, పొద్దుపోయేదాకా బ్రాంచి, ఇంటికొచ్చినా పట్టని నిద్ర. రెండింటిలో ఒకదానికి ముందు చెల్లెలి పెళ్లి కూడా ఉంది. తెల్లవారుజాము ముహూర్తం, వరసగా కొన్ని రాత్రుల జాగారం. ఇలాగే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి గీత మీద అమెరికా వేళల షిఫ్టు, విమాన ప్రయాణం కనిపించవచ్చు. నిద్ర తగ్గడం మానియాకు ఫలితం మాత్రమే అనుకుంటాం. చాలామందిలో అది మానియాను లేపే కారణం కూడా.

ఇక్కడ ఎలెన్ ఫ్రాంక్ పద్ధతి నుంచి ఒక పనిముట్టు అరువు తెచ్చుకోవచ్చు. రోజూ ఐదు వేళలు రాసుకోవాలి: పక్క మీద నుంచి లేచింది, మొదటిసారి ఇంకో మనిషితో మాట్లాడింది, పని మొదలుపెట్టింది, రాత్రి భోజనం చేసింది, పడుకుంది. ఐదూ రోజురోజుకూ పెద్దగా మారకుండా ఉంటే ఒంటి గడియారం కుదురుగా ఉంటుందన్నది ఆ చికిత్స నమ్మకం. అంకెలు రాయడం చాలామందికి విసుగు. వారం చివర ఆ అంకెల్లోంచి "ఈ వారం ఏ రోజు చెయ్యి జారింది, ఆ రోజు కథేమిటి?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగితే విసుగు తగ్గుతుంది.

మన ప్రాంతపు సంగతులు ఈ గీత మీదకు తప్పకుండా తెండి. శివరాత్రి జాగారం, వ్రతాల ఉపవాసాలు, రంజాన్ నెల, మే నెల ఎండలు. లిథియం వాడేవారి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో మందు మోతాదు పెరిగి విషమించే ప్రమాదం ఉంది. ఒళ్లు నొప్పులకు మందుల షాపులో అడిగి వేసుకునే ఇబుప్రొఫెన్, డైక్లోఫినాక్ మాత్రలు కూడా ఆ మోతాదును పెంచుతాయి. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలుతూ నడవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. మందు మార్చే అధికారం మనకు లేదు. కానీ ఉపవాసం సంగతి డాక్టర్‌కు ముందే చెప్పమని గుర్తుచేసే బాధ్యత ఉంది, ఎందుకంటే అలాంటి కబుర్లు ఓపీ గదిలో రెండు నిమిషాల్లో బయటికి రావు, మన దగ్గరే వస్తాయి.

జబ్బుకు పేరు పెట్టడం

సమస్యను మనిషి నుంచి విడదీయడానికి దానికొక పేరు పెట్టమంటాం. పేరు రోగే పెట్టాలి. మానియాను ఒకరు "జోరు" అంటారు, డిప్రెషన్‌ను ఒకరు "ముసురు" అంటారు, కేస్ షీట్‌లో మాటలే బాగున్నాయనేవారూ ఉంటారు. పేరు కుదిరాక ప్రశ్నలు మారతాయి. జోరు మొదట ఏ వేషంలో వస్తుంది? మిమ్మల్ని ఏమని నమ్మిస్తుంది? దానికి నచ్చని మనుషులు ఎవరు? దాని మాట మీరు వినని రోజు ఒక్కటైనా ఉందా? చివరి ప్రశ్నే ముఖ్యం. అర్ధరాత్రి మేనేజర్‌కు ఘాటుగా మెయిల్ రాసి, పంపకుండా డ్రాఫ్టులో వదిలేసిన రాత్రి ఒకటి ఉంటుంది. ఆ రాత్రి చెయ్యి ఆపిందేమిటి? "మా నాన్న ముప్పై ఏళ్లు ఒకే చోట పనిచేశాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు" అంటారేమో. ఇక అక్కడి నుంచి మాట నాన్న మీదికి, మర్యాద మీదికి, ఆ ఇంటి అలవాట్ల మీదికి సాగనివ్వండి. జబ్బుకు చోటు లేని కథ అక్కడ మొదలవుతుంది.

ఈ విడదీయడంలో ఒక చిక్కుంది. "అప్పులు చేసింది జోరు, నేను కాదు" అని తప్పించుకునే అవకాశం ఉంటుంది. అందుకు ఒప్పుకోవద్దు. జోరు రావడం మీ తప్పు కాదు, అది వచ్చే సూచనలు తెలిశాక క్రెడిట్ కార్డు ఎవరి చేతికివ్వాలన్నది మీ నిర్ణయం. ఈ రెండు మాటలూ ఒకే సెషన్‌లో, ఒకే గొంతుతో చెప్పాలి.

జోరులో సుఖం ఉందన్న సంగతిని కూడా కాదనకూడదు. పని పరుగులు తీసిన రోజులు, పాటలు వచ్చిన రోజులు, సిగ్గు లేకుండా నలుగురిలో మాట్లాడిన రోజులు పోయాయని చాలామంది లోలోపల ఏడుస్తారు. మందు మానేయడానికి అది ఒక పెద్ద కారణం. ఆ దుఃఖానికి చోటివ్వండి. ఆ రోజుల్లో చేసిన పనుల్లో ఏవి కుదురుగా ఉన్న రోజుల్లోనూ నిలిచాయో అడగండి. బొమ్మలు వేసే చెయ్యి రోగిదే. పదిహేను బొమ్మలు ఒకే రాత్రి వేయించింది మాత్రం జబ్బు.

ఇంట్లో వేరే పేర్లు వాడుకలో ఉంటాయి. ఏలినాటి శని, ఎవరో చేయించారు, అమ్మవారు పూనింది, చదువెక్కువై మతి చెడింది, పెళ్లి చేస్తే కుదురుకుంటాడు. వీటిని వెక్కిరిస్తే ఆ కుటుంబం మళ్లీ రాదు. పూజ చేయించుకోండి, మాత్ర ఆపొద్దు అంటే ఎవరూ కాదనరు. పెళ్లి విషయంలో మాత్రం మెత్తగా ఉండకూడదు. జబ్బు దాచి పెళ్లి చేస్తే మాత్రలు కూడా దాచుకోవాల్సి వస్తుంది. దాచుకున్న మాత్రలు నాలుగు రోజుల్లో మానేసిన మాత్రలవుతాయి. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో ఈ దాపరికానికి మూల్యం ఎక్కువ. గర్భం ఆలోచన ఉన్నప్పుడు మందులు మార్చాల్సి రావచ్చు. వాల్ప్రొయేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. ఆ ప్రణాళిక ముందే సైకియాట్రిస్ట్‌తో కూర్చుని వేసుకోవాలి. భయపడి సొంతంగా మానేయడం ఇంకా ముప్పు.

ఇంటివాళ్లను కూర్చోబెట్టేటప్పుడు

మైకేల్ వైట్ పద్ధతిలో సాక్షుల సెషన్ అని ఒకటుంది. రోగి తన కథ చెబుతాడు, కుటుంబసభ్యుడో స్నేహితుడో పక్కన కూర్చుని వింటారు. తర్వాత ఆ సాక్షిని కౌన్సెలర్ అడుగుతారు: ఏ మాట మీ మనసులో నిలిచింది, అది వింటుంటే ఈ మనిషి గురించి ఏం కళ్లకు కట్టింది, మీ సొంత జీవితంలో అది దేన్ని కదిపింది, విన్నాక మీలో ఏం మారింది. సలహా ఇవ్వకూడదు, తీర్పు చెప్పకూడదు, పొగడకూడదు.

మన ఇళ్లలో ఇది చాలా కష్టం. సలహా ఇవ్వకుండా పది నిమిషాలు కూర్చోగల మేనమామ అరుదు. అయినా ప్రయత్నం వదలొద్దు. ఇంట్లో విమర్శ, సాధింపు ఎక్కువగా ఉన్నచోట జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుందని పరిశోధనలు పదేపదే చూపించాయి. ముందు రోజే ఆ సాక్షితో విడిగా మాట్లాడి నియమాలు చెప్పండి. సెషన్‌లో తండ్రి "నేను చెప్పేది ఒక్కటే బాబూ" అని మొదలుపెడితే, మర్యాదగా ఆపి "అది తర్వాత విందాం సార్, ఇప్పుడు అబ్బాయి చెప్పినదాంట్లో మీకు గుర్తుండిపోయిన మాట ఒక్కటి చెప్పండి" అని మళ్లించండి. ఆయనకు కొంచెం కష్టం కలిగినా ఫరవాలేదు. కొడుకు కథను మొదటిసారి చివరిదాకా వినడం ఆ ఇంట్లో చాలా వాటిని మారుస్తుంది.

కుదురుగా ఉన్నప్పుడు రాసుకునే కాగితం

ఈ కౌన్సెలింగ్ చివరికి ఒక కాగితంగా మిగలాలి. కుదురుగా ఉన్న రోగి, జబ్బులో ఉండబోయే తనకు రాసుకునే ఉత్తరం అది. ఒక పేజీ దాటకూడదు. జోరు వచ్చే ముందు నాలో కనిపించే గుర్తులివి, ముసురు పట్టే ముందు ఇవి, అప్పుడు నేను ఎవరి మాట వింటానని మాటిచ్చానో వారి పేరు ఇది, నా డాక్టర్ ఫోన్ నంబరు ఇది. గుర్తులు ఆ మనిషికే సొంతమైనవిగా ఉండాలి. "నిద్ర తగ్గుతుంది" కంటే "తెల్లవారుజామున మూడింటికి వంటిల్లు సర్దుతాను", "పాత స్నేహితులకు వరసగా ఫోన్లు చేస్తాను" అన్నవి పనికొస్తాయి.

ఉద్యోగం, డబ్బు విషయంలో కాగ్నిటివ్ థెరపీ వాడే రెండు కట్టుబాట్లు అందులో రాయించండి. పెద్ద నిర్ణయం ఏదైనా 48 గంటలు ఆగాలి. నమ్మకమైన ఇద్దరిని అడగాలి. రాజీనామా, పెట్టుబడి, అప్పు, పొలం అమ్మకం అన్నిటికీ ఇదే. ఫోన్‌లోనే నిమిషాల్లో అప్పులు దొరికే కాలం కనుక చెల్లింపుల పరిమితి ముందే తగ్గించుకోవడం, క్రెడిట్ కార్డు భార్యకో భర్తకో ఇవ్వడం కూడా రాయాలి. రాసినదాని ప్రతి ఒకటి ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉండాలి.

దీనికి చట్టబద్ధమైన తోడు కూడా ఉంది. 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మేజర్ అయిన ఎవరైనా, ముందు ముందు నిర్ణయం తీసుకోలేని స్థితి వస్తే తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందస్తు ఆదేశంగా రాసుకోవచ్చు. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకోవచ్చు. అత్యవసర చికిత్సకు మాత్రం ఆ ఆదేశం వర్తించదు. కౌన్సెలింగ్‌లో రాసిన ఉత్తరం ఈ ఆదేశానికి మంచి ముసాయిదా అవుతుంది. ఆసుపత్రిలో కట్టేసిన అనుభవం ఉన్నవారికి ఇది రాస్తున్నప్పుడే ముఖంలో తేడా తెలుస్తుంది.

ఆఫీసులో చెప్పే కథ

సెలవు నుంచి తిరిగి వెళ్లేముందు అందరినీ వేధించే ప్రశ్న ఒకటే: ఆఫీసులో ఏం చెప్పాలి? ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది రోగి నిర్ణయమే. మనం చేయాల్సింది ఆ నిర్ణయం కుదురుగా ఉన్నప్పుడు జరిగేలా చూడడం. జోరులో అందరికీ అన్నీ చెప్పేస్తారు, ముసురులో చెప్పాల్సినవారికీ చెప్పరు.

మూడు వాక్యాలు సాధన చేయించండి. "నాకొక ఆరోగ్య సమస్య ఉంది సార్, చికిత్సలో ఉన్నాను, అదుపులో ఉంది. నిద్ర చెడితే అది తిరగబెడుతుంది, నైట్ షిఫ్టులు లేకుండా చూడండి. రెండు నెలలకోసారి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, ఆ పూట సెలవు కావాలి." జబ్బు పేరు చెప్పకుండానే కావలసింది అడగవచ్చు. సహోద్యోగులకు "ఒంట్లో బాగాలేదు, ఇప్పుడు నయం" అన్నది అబద్ధం కాదు. మానియాలో ఎవరినైనా నొప్పించి ఉంటే వారి జాబితా వేసి, ఎవరికి క్షమాపణ చెప్పాలో, ఎవరి దగ్గర మౌనమే మేలో తేల్చడానికి ఒక సెషన్ అంతా కేటాయించండి. క్షమాపణ పొట్టిగా ఉండాలి. సుదీర్ఘమైన వివరణ ఎదుటివారికి బరువవుతుంది.

చట్టం ఏం ఇస్తుందో కౌన్సెలర్‌కు తెలిసుండాలి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 మానసిక వ్యాధిని కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. ప్రభుత్వోద్యోగి సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగం తీసేయడానికి గానీ హోదా తగ్గించడానికి గానీ వీల్లేదని 20వ సెక్షన్ చెబుతుంది. 2021లో సీఆర్పీఎఫ్ అధికారి కేసులో, మానసిక వైకల్యం ఉన్న ఉద్యోగిపై క్రమశిక్షణ చర్యలు పరోక్ష వివక్ష కిందికి రావచ్చని సుప్రీంకోర్టు గుర్తించింది. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. అయితే ప్రైవేటు ఉద్యోగికి ఆచరణలో దక్కే రక్షణ ప్రభుత్వోద్యోగి కంటే తక్కువే. ఆ నిజం దాచి ధైర్యం నూరిపోస్తే రేపు నష్టపోయేది అతనే. హెచ్‌ఆర్ తీరు ఎలా ఉంటుందో, అదే కంపెనీలో ఇంకెవరైనా ఇలా చెప్పుకున్నారా, ఏం జరిగిందో తెలుసుకున్నాకే నోరు విప్పమనండి.

కంపెనీయే జీతమిచ్చే కౌన్సెలర్ అయితే మొదటి సెషన్ మొదటి ఐదు నిమిషాల్లోనే, యాజమాన్యానికి ఏ సమాచారం వెళుతుందో, ఏది వెళ్లదో చెప్పేయాలి. చికిత్స వివరాల గోప్యత రోగి హక్కుగా 2017 చట్టంలోనే ఉంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు తప్ప కథ గది దాటకూడదు. రోగి రాసిన ఉత్తరాలు, గీతల కాగితాలు రోగివే. వాటిని శిక్షణ తరగతుల్లో చూపించాలంటే కుదురుగా ఉన్నప్పుడు తీసుకున్న అనుమతి కావాలి, పేరు చెరిపేసినా సరే.

మన దేశంలో ఈ జబ్బు ఉన్న ప్రతి పదిమందిలో దాదాపు ఏడుగురికి చికిత్స అందడం లేదని నిమ్హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. మీ దగ్గరకొచ్చే మనిషి ఇంకా సైకియాట్రిస్ట్‌ను చూడకపోయి ఉండవచ్చు. అప్పుడు కథ కంటే ముందు ఆ పని కావాలి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. జిల్లా ఆసుపత్రుల్లో మానసిక వైద్యం ఓపీ ఎప్పుడుంటుందో కనుక్కుని ఆ వివరం మీ గోడకు అంటించండి. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మొదటిరోజు వెళ్లేటప్పుడే ఆ నంబరు రాసిచ్చి పంపండి.